అప్పు పుట్టని చోట వ్యాపారం: అమెరికా నల్లజాతి చిన్న వ్యాపారుల పెట్టుబడి చిక్కు

అమెరికా జనాభాలో నల్లజాతీయులు దాదాపు 14 శాతం. ఆ దేశంలో జీతాలిచ్చి మనుషులను పెట్టుకున్న వ్యాపార సంస్థల్లో వారి యాజమాన్యంలో ఉన్నవి మాత్రం, 2022 సంవత్సరానికి జనగణన విభాగం ఇచ్చిన లెక్కల ప్రకారం, 3 శాతానికి కాస్త పైన, అంటే సుమారు 1,95,000. దీన్నిబట్టి నల్లజాతీయులు వ్యాపారం జోలికి పోరని అనుకుంటే పొరపాటు. క్షౌరశాలలు, బ్యూటీ పార్లర్లు, ఒక్క ట్రక్కుతో నడిచే రవాణా, ఇళ్ళ మరమ్మతులు, పసిపిల్లల సంరక్షణ, క్యాటరింగ్ వంటి పనుల్లో, ఒక్క ఉద్యోగి కూడా లేకుండా యజమానే అన్నీ తానై నడిపే వ్యాపారాలు లక్షల సంఖ్యలో ఉన్నాయి. నల్లజాతీయుల వ్యాపారాల్లో పదింట తొమ్మిదికి పైగా ఈ కోవకు చెందినవే. అవి పుడుతున్నాయి, ఏళ్ళ తరబడి బతుకుతున్నాయి, కానీ మరో మనిషికి జీతమిచ్చే స్థాయికి ఎదగడం దగ్గర ఆగిపోతున్నాయి.

ఎందుకు ఆగిపోతున్నాయని అడిగేవారు సాధారణంగా బ్యాంకు కౌంటరు దగ్గర జవాబు వెతుకుతారు. నిజానికి చిన్న వ్యాపారంలోకి వచ్చే మొదటి డబ్బు బ్యాంకుది కాదు. యజమాని దాచుకున్న సొమ్ము, సొంత ఇంటి మీద తెచ్చిన అప్పు, తోబుట్టువులో మేనమామో సర్దిన చేబదులు ముందు వస్తాయి. తాకట్టుకు ఏముంది, యజమాని తన వంతుగా ఎంత పెట్టాడు, పాత అప్పులు ఎలా తీర్చాడు అన్నవి చూసుకున్నాకే బ్యాంకు రంగంలోకి దిగుతుంది. అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు 2022లో జరిపిన సర్వేలో శ్వేతజాతి కుటుంబపు మధ్యస్థ నికర ఆస్తి 2,85,000 డాలర్లుగా, నల్లజాతి కుటుంబానిది 44,900 డాలర్లుగా తేలింది. అంటే ఆరో వంతుకు కూడా తక్కువ. బ్యాంకు అధికారి మనసులో రవ్వంత పక్షపాతం లేకపోయినా, అందరికీ ఒకే నిబంధనను నిక్కచ్చిగా వర్తింపజేసినా, ఈ ఆస్తి తేడా అప్పు తేడాగా మారి బయటపడుతుంది. నా దృష్టిలో ఈ చిక్కుముడికి మొదటి కొస ఇదే.

పక్షపాతం లేదని దీని అర్థం కాదు. ఫెడరల్ రిజర్వు బ్యాంకులు ఏటా జరిపే చిన్న వ్యాపారాల రుణ సర్వేలో, 2020లో అప్పుకు దరఖాస్తు చేసిన నల్లజాతి యాజమాన్య సంస్థల్లో 13 శాతానికే అడిగినంత మొత్తం దొరికింది. శ్వేతజాతి సంస్థల్లో 40 శాతానికి దొరికింది. ఒకే రకమైన ఆదాయం, ఒకే రకమైన రుణ చరిత్ర చూపే నల్ల, తెల్ల దరఖాస్తుదారులను పరీక్ష కోసం బ్యాంకు శాఖలకు పంపి చూసిన అధ్యయనాల్లో కూడా నల్లజాతీయులను మరిన్ని పత్రాలు అడగడం, రుణ పథకాల వివరాలు తక్కువగా చెప్పడం కనిపించింది. కరోనా కాలం మరో సాక్ష్యం. 2020లో ఉద్యోగుల జీతాల కోసం ప్రభుత్వం ఇచ్చిన సహాయ రుణాలు మొదట్లో బ్యాంకులతో పాత పరిచయం ఉన్నవారికే ముందుగా అందాయి. ఆ ఏడాది ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య పనిలో ఉన్న నల్లజాతి వ్యాపార యజమానుల సంఖ్య 41 శాతం పడిపోగా, శ్వేతజాతీయుల్లో ఆ తగ్గుదల 17 శాతం. తరువాత ఆన్‌లైన్ రుణ సంస్థలు రంగంలోకి వచ్చి, దరఖాస్తులను మనుషులకు బదులు యంత్రాలతో పరిశీలించిన చోట నల్లజాతీయుల వాటా పెరిగిందని ఆర్థికవేత్తలు గమనించారు. ఆ పెరుగుదలలో కొంత భాగమైనా, కౌంటరు అవతల కూర్చున్న మనిషి లేకపోవడం వల్ల వచ్చిందేనని చెప్పక తప్పదు.

అయితే ఆస్తి తేడా దానంతట అది రాలేదు. బానిసత్వం నుంచి విముక్తి పొందినవారు పొదుపు చేసుకోవడానికి 1865 మార్చిలో అమెరికా కాంగ్రెసు ఫ్రీడ్‌మెన్స్ సేవింగ్స్ బ్యాంకును ఏర్పాటు చేసింది. సైనికుల జీతాలు, కూలి డబ్బులు, చర్చి సంఘాల చందాలు అందులో చేరాయి. మొదట ఆ సొమ్మును ప్రభుత్వ బాండ్లలో మాత్రమే పెట్టాలన్న నియమం ఉండేది. 1870లో నియమం సడలించి స్థిరాస్తి మీద అప్పులివ్వడానికి అనుమతించారు. బ్యాంకు ఆర్థిక సంఘానికి పెద్దగా ఉన్న హెన్రీ కుక్, ఆనాటి వాల్‌స్ట్రీట్ దిగ్గజం జే కుక్‌కు తమ్ముడు; నల్లజాతి డిపాజిటర్ల పొదుపు తెల్లవారి జూదం లాంటి వ్యాపారాల్లోకి ప్రవహించింది. 1873 ఆర్థిక సంక్షోభంలో జే కుక్ సంస్థ కూలింది. ఆ మరుసటి ఏడాది మార్చిలో, బానిసత్వం నుంచి తప్పించుకుని ప్రఖ్యాత నల్లజాతి నేతగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్‌ను బ్యాంకు అధ్యక్షుడిగా తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన తన సొంత డబ్బు 10,000 డాలర్లు పెట్టి నిలబెట్టాలని చూసినా 1874 జూన్‌లో బ్యాంకు మూతపడింది. 61,000 మందికి పైగా డిపాజిటర్ల సొమ్ము, దాదాపు 30 లక్షల డాలర్లు, అందులో చిక్కుకుపోయింది. కొందరికి కొంత భాగం ఏళ్ళ తరబడి ఆలస్యంగా చేరింది. చాలామందికి చిల్లిగవ్వ దక్కలేదు. ఈ కథను బ్యాంకుల మీద నల్లజాతీయుల అపనమ్మకానికి మూలంగా చెబుతుంటారు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆ బ్యాంకు వారి పొదుపు తీసుకుంది గానీ, భూమి కొనుక్కోవడానికో దుకాణం పెట్టుకోవడానికో వారికి అప్పు ఇవ్వలేదు. లోపలికి వచ్చిన డబ్బు వారిది, బయటికి వెళ్ళిన అప్పు వేరొకరిది.

ఆ తరువాతి తరం తన సంస్థలను తానే కట్టుకుంది. ఉత్తర కరోలినాలోని డర్హమ్‌లో 1898లో నార్త్ కరోలినా మ్యూచువల్ బీమా సంస్థ పుట్టింది. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో మ్యాగీ లీనా వాకర్ 1903లో సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకును స్థాపించి, ఆ దేశంలో బ్యాంకు స్థాపించిన తొలి నల్లజాతి మహిళ అయింది. ఓక్లహామాలోని టల్సాలో నల్లజాతి వ్యాపారాలకు పేరుపడ్డ గ్రీన్‌వుడ్ పేటను శ్వేతజాతి మూకలు 1921 మే 31, జూన్ 1 తేదీల్లో తగలబెట్టిన సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. 35 వీధి బ్లాకులు, వెయ్యికి పైగా ఇళ్ళు బూడిదయ్యాయి, అల్లర్ల నష్టానికి పాలసీ వర్తించదంటూ బీమా సంస్థలు పరిహారం ఎగ్గొట్టాయి. తక్కువ మందికి తెలిసింది దాని తరువాతి కథ. గ్రీన్‌వుడ్ వాసులు కొన్నేళ్ళలోనే ఆ పేటను మళ్ళీ కట్టుకున్నారు. దాన్ని రెండోసారి చెదరగొట్టింది పట్టణ పునరుద్ధరణ పథకాలు, పేట మధ్యగా వేసిన హైవే. డర్హమ్‌లో నల్లజాతి వ్యాపారాలకు నెలవైన హేటి పేటకూ అదే గతి పట్టింది. మూక చేసిన పనికంటే పటాల మీద గీతలు గీసి ప్రభుత్వం చేసిన పని ఎక్కువ కాలం నిలిచింది.

పటాల మీద గీతలన్నది అలంకారం కాదు. 1930 దశకంలో ఇంటి రుణాల ప్రభుత్వ సంస్థ నగరాలను నాలుగు రంగుల్లో వర్గీకరించి, నల్లజాతీయులుండే పేటలను దాదాపు ఎల్లప్పుడూ ఎర్ర రంగులో, అంటే అప్పుకు అత్యంత ప్రమాదకరమైన చోట్లుగా చూపింది. 1934లో ఏర్పడిన ఫెడరల్ గృహ సంస్థ తన రుణ హామీలను శివార్లలోని తెల్లవారి కాలనీలకు మళ్ళించింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 చట్టం ఇచ్చిన రుణ హామీల సంగతీ అంతే. 1947 నాటికి మిసిసిపీలో అలాంటి హామీతో ఇచ్చిన మూడు వేలకు పైగా ఇంటి, వ్యాపార, వ్యవసాయ రుణాల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండే రెండు. యుద్ధానంతరం మధ్యతరగతి ఆస్తి ఎక్కువగా ఇంటి రూపంలోనే పెరిగింది గనుక, ఆ ఇల్లు దక్కనివాడి కొడుక్కి దుకాణం పెట్టడానికి తాకట్టు పెట్టగలిగిందేదీ మిగలలేదు.

పల్లెల్లో ఇదే పని భూమి విషయంలో జరిగింది. 1920లో అమెరికాలో నల్లజాతి సాగుదారులు 9,25,000 మంది ఉండేవారు. ఇప్పుడు 50,000 లోపే. వ్యవసాయ శాఖ రుణాల్లో వివక్ష, దక్షిణాది నుంచి ఉత్తరాదికి వలస, యంత్రాల రాక, అన్నీ ఇందుకు కారణాలే. అయితే వాటిలో ఒకటి తెలుగు పాఠకులకు వివరించనక్కర్లేనంత పరిచితం. వీలునామా రాయకుండా పెద్దలు పోతే భూమి వారసులందరికీ ఉమ్మడిగా సంక్రమించి, రెండు మూడు తరాలకు అరవై డెబ్బై మంది వాటాదారులవుతారు. ఎవరి పేరా స్పష్టమైన హక్కు పత్రం ఉండదు గనుక ఆ భూమి మీద బ్యాంకులో అప్పు పుట్టదు, పంట నష్టపోతే సహాయం అందడమూ కష్టమే. పైగా దూరాన ఉన్న ఒక్క వారసుడి వాటా కొన్న బయటివాడు కోర్టుకెక్కి మొత్తం భూమిని వేలం వేయించగలిగేవాడు. దక్షిణాది రాష్ట్రాల్లో ఈ దారిన పోయిన భూమి తక్కువేమీ కాదు.

ఇంత చరిత్ర విన్న తరువాత సాధారణంగా వచ్చే సలహా, నల్లజాతీయులు తమవారి దుకాణాల్లోనే కొనాలని, తమవారి బ్యాంకుల్లోనే డబ్బు దాచుకోవాలని. డాలరు ఇతర సమాజాల్లో వారాల తరబడి తిరిగితే నల్లజాతి సమాజంలో ఆరు గంటలు కూడా నిలవదన్న మాట ఈ సలహాకు తోడుగా తరచూ వినిపిస్తుంది. ఆ ఆరు గంటల లెక్కకు మూలం వెతికితే నమ్మదగిన అధ్యయనమేదీ కనిపించదు. మాట ఎంత సూటిగా ఉన్నా లెక్క గాలిలోదే. సలహాలో సదుద్దేశం ఉంది, కొంత ఫలితమూ ఉంది. కానీ బ్యాంకు ఎలా పనిచేస్తుందో చూస్తే దాని పరిమితి తెలిసిపోతుంది.

2016లోనూ, మళ్ళీ 2020లోనూ వేలాది మంది తమ ఖాతాలను నల్లజాతి యాజమాన్యంలోని బ్యాంకులకు మార్చారు. నెట్‌ఫ్లిక్స్ సంస్థ తన నగదు నిల్వల్లో 2 శాతాన్ని, అంటే తొలుత సుమారు 10 కోట్ల డాలర్లను, అలాంటి సంస్థలకు మళ్ళిస్తామని ప్రకటించి, మిసిసిపీ కేంద్రంగా పనిచేసే సహకార పరపతి సంస్థ హోప్ క్రెడిట్ యూనియన్‌లో కోటి డాలర్లు డిపాజిట్ చేసింది. డిపాజిట్ అన్నది బ్యాంకుకు ఆస్తి కాదు, తిరిగి చెల్లించాల్సిన బాకీ. బ్యాంకు ఎంత అప్పు ఇవ్వగలదన్నది దాని సొంత మూలధనం మీద ఆధారపడి ఉంటుంది. ఉజ్జాయింపుగా ప్రతి 100 డాలర్ల రుణాలకు 8 నుంచి 10 డాలర్ల సొంత మూలధనం ఉండాలని నియంత్రణ సంస్థలు కోరతాయి. మూలధనం పెరగకుండా డిపాజిట్లు మాత్రమే వచ్చి పడితే బ్యాంకు మూలధన నిష్పత్తి పడిపోతుంది, అధికారులు కన్నెర్ర చేస్తారు, ఆ డబ్బు అప్పుగా మారకుండా ప్రభుత్వ బాండ్లలోకి చేరుతుంది. చిన్న చిన్న మొత్తాల ఖాతాలు ఎక్కువ కావడం, ఖాతాదారులు తరచూ డబ్బు తీయాల్సి రావడం, తాకట్టుగా వచ్చే ఇళ్ళ ధరలు పక్క పేటలకంటే తక్కువ కావడం వీటికి తోడు. అందుకే అట్లాంటాలోని సిటిజన్స్ ట్రస్ట్, న్యూ ఆర్లియన్స్‌లోని లిబర్టీ, న్యూయార్క్ హార్లెమ్‌లోని కార్వర్ వంటి పేరున్న బ్యాంకులు కూడా అమెరికా కొలతల్లో చిన్నవే; నల్లజాతి యాజమాన్య బ్యాంకులన్నీ కలిపితే ఇరవై పైచిలుకు మాత్రమే. 2020 చివర్లో చేసిన చట్టం కింద అమెరికా ఖజానా శాఖ 800 కోట్లకు పైగా డాలర్లను మూలధనంగానే, అల్పసంఖ్యాకుల బ్యాంకుల్లోనూ పేద ప్రాంతాల్లో అప్పులిచ్చే సంస్థల్లోనూ పెట్టింది. దానికి ఖాతాల మార్పిడి ఉద్యమానికి వచ్చినంత ప్రచారం రాలేదు. ఫలితం విషయంలో పోలికే లేదు: పెట్టిన ఒక్కో డాలరు సుమారు పది డాలర్ల రుణాలకు ఆధారమవుతుంది.

ఇక్కడ అమెరికాలోని తెలుగువారి విందు కబుర్లలో వినిపించే ఒక ప్రశ్నను దాటవేయడం మంచిది కాదు. మనవాళ్ళు ఉత్త చేతులతో వచ్చి మోటళ్ళు, గ్యాస్ స్టేషన్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెట్టుకోగా లేనిది, అక్కడే పుట్టి పెరిగినవారికి ఏమైందన్నది ఆ ప్రశ్న. ఉత్త చేతులన్నది ముందుగా సరిచూసుకోవలసిన మాట. 1965 వలస చట్టం తరువాత వచ్చిన మనవారిలో ఎక్కువ మంది చదువు, వృత్తి నైపుణ్యం వడపోతలో నెగ్గినవారు. ఆ చట్టం నల్లజాతీయుల పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన వాతావరణంలోనే సాధ్యమైంది. అంతటితో అయిపోలేదు. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, కాంట్రాక్టుల్లో కొంత భాగాన్ని సామాజికంగా వెనుకబడిన వర్గాల చిన్న సంస్థలకు కేటాయించే 8(ఎ) పథకంలో భారత సంతతివారిని 1982లో చేర్చారు. నల్లజాతీయుల పోరాటం ఫలితంగా రూపుదిద్దుకున్న ఆ వెసులుబాటుకు, వాషింగ్టన్ చుట్టుపక్కల ప్రభుత్వ ఐటీ పనులు చేసే తెలుగువారి కంపెనీలూ అర్హులయ్యాయి. ఇది తెలిసి కూడా ఆ ప్రశ్న అడిగేవారికి వేరే జవాబు అవసరం లేదనుకుంటాను.

కాంట్రాక్టుల ప్రస్తావన వచ్చింది గనుక, చిన్న వ్యాపారానికి అప్పుకంటే ఆర్డరు ముఖ్యమన్న సంగతి చెప్పాలి. చేతిలో పని ఉన్నవాడికి అప్పు ఎక్కడో ఒకచోట పుడుతుంది. పని లేనివాడికి దొరికిన అప్పు వడ్డీతో సహా మెడకు చుట్టుకుంటుంది. 1973లో అట్లాంటా తొలి నల్లజాతి మేయరుగా ఎన్నికైన మేనార్డ్ జాక్సన్ దీన్ని బాగా గ్రహించారు. అప్పటిదాకా నగర కాంట్రాక్టుల్లో అల్పసంఖ్యాకుల సంస్థల వాటా 1 శాతం కూడా లేదు. విమానాశ్రయ విస్తరణ పనుల్లో నాలుగో వంతు వారికి దక్కాలని, పెద్ద కంపెనీలు వారిని భాగస్వాములుగా చేర్చుకోవాలని ఆయన పట్టుబట్టారు. వ్యాపార వర్గాలు గగ్గోలు పెట్టాయి, పనులు ఆలస్యమయ్యాయి, ఆయన వెనక్కి తగ్గలేదు. కొత్త టెర్మినల్ 1980లో తెరుచుకుంది. నగరంలో నల్లజాతి కాంట్రాక్టర్ల ఒక తరం ఆ పనులతో నిలదొక్కుకుంది. పలుకుబడి ఉన్న కొద్దిమందికే ఎక్కువ మేలు జరిగిందన్న విమర్శలో, కొన్ని భాగస్వామ్యాలు ఉత్త బినామీలన్న ఆరోపణలో నిజం లేకపోలేదు. టెండరు వ్యవహారాలు ఎరిగిన ఏ తెలుగువాడికీ ఇది ఆశ్చర్యం కలిగించదు. పైగా పెద్ద పనికి టెండరు వేయాలంటే, పని మధ్యలో వదిలేస్తే నష్టం భరిస్తామని పూచీ సంస్థ ఇచ్చే బాండు కావాలి. ఆ బాండు ఇచ్చేవాళ్ళు మళ్ళీ కాంట్రాక్టరు ఆస్తులే చూస్తారు. అప్పు దగ్గర అడ్డుపడిన గోడే ఇక్కడా అడ్డుపడుతుంది.

ఈ ఆలోచన మన దేశానికీ చేరింది. 2002 భోపాల్ ప్రకటనలో దళిత మేధావులు అమెరికా అనుభవాన్ని చూసే ప్రభుత్వ కొనుగోళ్ళలో వాటా అడిగారు. 2012లో కేంద్రం తెచ్చిన కొనుగోళ్ళ విధానం ఎస్సీ, ఎస్టీ వ్యాపారులకు 4 శాతం లక్ష్యం పెట్టింది.

అమెరికాలో మాత్రం ఆ దారి మూసుకుపోతోంది. రిచ్‌మండ్ నగరం, అంటే మ్యాగీ వాకర్ బ్యాంకు పెట్టిన ఊరే, నగర నిర్మాణ కాంట్రాక్టులు పొందినవారు వాటి విలువలో కనీసం 30 శాతాన్ని అల్పసంఖ్యాకుల సంస్థలకు సబ్‌కాంట్రాక్టుగా ఇవ్వాలని 1983లో నియమం పెట్టింది. అప్పట్లో నగర జనాభాలో సగం నల్లజాతీయులు. ప్రధాన నిర్మాణ కాంట్రాక్టుల్లో అల్పసంఖ్యాకుల సంస్థలకు దక్కింది 0.67 శాతం. సుప్రీంకోర్టు 1989లో ఆ కేటాయింపును కొట్టివేసింది. జనాభాతో పోల్చడం సరికాదని, పని చేయగల అర్హత ఉన్న సంస్థలు ఎన్ని ఉన్నాయో వాటితో పోల్చి, నిర్దిష్టమైన వివక్షను ఆధారాలతో చూపాలని తీర్పు చెప్పింది. చట్టపరంగా ఈ తర్కం పకడ్బందీగా కనిపిస్తుంది. కానీ అప్పూ బాండూ పుట్టక సంస్థలే ఏర్పడని చోట, అర్హత ఉన్న సంస్థల లెక్క తీస్తే అది చిన్నదిగానే తేలుతుంది, చిన్న లెక్కతో పోల్చితే చిన్న వాటా న్యాయంగానే కనిపిస్తుంది. 1995లో ఫెడరల్ పథకాలకు కూడా అదే కఠినమైన పరీక్ష వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2023 జులైలో టెనసీలోని ఫెడరల్ కోర్టు, 8(ఎ) పథకంలో కొన్ని జాతులవారిని ముందుగానే వెనుకబడినవారిగా భావించే నియమాన్ని నిలిపివేసింది. అప్పటి నుంచి ప్రతి యజమానీ తనకు ఎదురైన వివక్షను విడిగా రాసి నిరూపించుకోవాల్సి వస్తోంది. భారత సంతతి యజమానులకూ ఇది వర్తిస్తుంది.

ప్రభుత్వ సొమ్ము కాకపోయినా కోర్టు అడ్డు తప్పలేదు. అట్లాంటాలోని ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళా వ్యాపారులకు 20,000 డాలర్ల చొప్పున గ్రాంట్లు ఇచ్చేది. ఒప్పందాల్లో జాతి వివక్ష కూడదన్న 1866 నాటి చట్టం కింద దాని మీద 2023లో దావా పడింది. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు 2-1 తీర్పుతో ఆ కార్యక్రమాన్ని ఆపింది, సెప్టెంబరులో రాజీ కుదిరి ఫండ్ దాన్ని మూసేసింది. 1866లో ఆ చట్టం చేసింది, బానిసత్వం నుంచి బయటపడినవారికి కూడా తెల్లవారితో సమానంగా ఒప్పందాలు చేసుకునే హక్కు ఉండాలని.

అందువల్ల సహాయ సంస్థలు ఇప్పుడు జాతి పేరు ఎత్తకుండా, ఆస్తి తక్కువ ఉన్న కుటుంబాలకు, బ్యాంకు శాఖలు లేని ప్రాంతాలకు, తొలిసారి వ్యాపారంలోకి దిగినవారికి అన్న ప్రమాణాలతో పథకాలు రూపొందిస్తున్నాయి. ఆస్తి తేడాయే అసలు ముడి అయినప్పుడు ఆస్తినే ప్రమాణంగా తీసుకోవడంలో తప్పు లేదు. పేద శ్వేతజాతీయులకూ మేలు జరిగితే రాజకీయంగా అది ఎక్కువ కాలం నిలుస్తుంది కూడా. కానీ అలాంటి పథకాలకు నిధులిచ్చే ప్రభుత్వ విభాగాలే 2025 మార్చి నాటి అధ్యక్ష ఉత్తర్వుతో కత్తిరింపు జాబితాలోకి వెళ్ళాయి. పేద ప్రాంతాల రుణ సంస్థలకు 1994 నుంచి నిధులిస్తున్న విభాగం, 1969లో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వుతో మొదలైన అల్పసంఖ్యాకుల వ్యాపారాభివృద్ధి సంస్థ రెండూ అందులో ఉన్నాయి.

ఇక మిగిలింది ఆధారాల సంగతి. ఇంటి రుణాలు ఎవరికి ఇచ్చారో, ఎవరిని తిరస్కరించారో జాతి వివరాలతో సహా బయటపెట్టే ఏర్పాటు, 1975లో చేసిన చట్టం పునాదిగా దశాబ్దాలుగా నడుస్తోంది. వ్యాపార రుణాల విషయంలో పరిస్థితి తలకిందులు. వివక్ష జరగకూడదన్న ఉద్దేశంతో, దరఖాస్తుదారుడి జాతి ఏమిటని బ్యాంకు అడగడాన్నే నిబంధనలు చాలావరకు నిషేధించాయి. 2010లో కాంగ్రెసు ఆ వివరాలు సేకరించాలని చట్టం చేస్తే, దానికి నియమాలు 2023లో గానీ రాలేదు. వచ్చాక దావాలు పడ్డాయి, అమలు గడువు ఒకటికి రెండుసార్లు వెనక్కి జరిగింది. వివక్షను నిర్దిష్టమైన ఆధారాలతో చూపమని కోర్టులు 1989 నుంచి అడుగుతూనే ఉన్నాయి. బ్యాంకుల దస్త్రాల నుంచి తీసిన అలాంటి లెక్క చిన్న వ్యాపార రుణాలకు ఇప్పటికీ లేదు.